గ్లీడ్ ఏమైపోయింది? ఇంగ్లీషు నిప్పుకణిక కథ

నిప్పుకణికని ఇంగ్లీషులో ఏమంటారని అడిగితే ఈ రోజు ఎవరైనా ఎంబర్ అనే చెప్తారు. ఆరు వందల ఏళ్ళ కిందట లండన్‌లో ఏ ఇంటి పొయ్యి దగ్గరైనా అదే ప్రశ్న వేస్తే గ్లీడ్ అనే మాట తప్పకుండా వినపడేది. అప్పట్లో అది కవులు దాచుకుని వాడుకున్న మాటేమీ కాదు. చేపలు కాల్చుకునే చోటా, ముసలాళ్ళు కూర్చుని కబుర్లాడే చోటా మామూలుగా నోట్లోంచి వచ్చేదే. ఇప్పుడు నిఘంటువు తీస్తే దాని పక్కన ‘పాతది’ అనో ‘మాండలికం’ అనో ఓ ముద్ర ఉంటుంది, ఇంగ్లీషు బాగా చదువుకున్నవాళ్ళలో కూడా నూటికి తొంభై మంది ఆ మాట విని ఉండరు. ఇలా ఎందుకైందని అడిగితే సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది, అది అంత నమ్మదగ్గదిగా లేదు. అసలు సంగతి వ్యాకరణంలో కన్నా వంటింట్లో ఎక్కువ ఉంది, ఇంకా సూటిగా చెప్పాలంటే బొగ్గులో ఉంది.

ముందు ఆ మాట బతికున్న రోజుల్లో ఎలా ఉండేదో చూద్దాం. ఇంగ్లీషు కవి ఛాసర్, యాత్రికులు దారిలో ఒకరి తర్వాత ఒకరు కథలు చెప్పుకునే ‘కాంటర్‌బరీ కథలు’ రాసింది సుమారు 1387 నుంచి 1400లో చనిపోయేదాకా. అందులో రీవ్ అని ఓ పాత్ర, దొరగారి పొలాలూ గొడ్లూ లెక్కలూ చూసే ముసలాయన, వయసులో ఉన్నప్పుడు వడ్రంగం చేసినవాడు. పిండిమర వాడు చెప్పిన కథలో ఓ వడ్రంగి నవ్వులపాలవుతాడు కాబట్టి ఈయనకి ఒళ్ళు మండుతుంది. బదులుగా తన కథ ఎత్తుకునే ముందు ముసలితనం గురించి కాసేపు వాపోతాడు: చెయ్యడం చేతకాకపోయినా నోరు ఊరుకోదు, మా పాత బూడిదలో నిప్పు ఇంకా కప్పెట్టే ఉంది, మాకు నాలుగు గ్లీడ్‌లు మిగిలాయి, అవేంటంటే గొప్పలు చెప్పుకోవడం, అబద్ధాలాడడం, కోపం, పేరాశ అంటాడు. ‘నివురుగప్పిన నిప్పు’ అని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగిన తెలుగువాళ్ళకి ఈ మాటలకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అక్కడ ‘కప్పెట్టి ఉంది’ అనడానికి ఛాసర్ వాడిన క్రియ పొయ్యి దగ్గర రోజూ చేసే పనిది. రాత్రి పడుకోబోయే ముందు పొయ్యిలో మిగిలిన కణికలన్నీ ఓ చోటికి లాగి, వాటి మీద బూడిద ఎగదోసి కప్పేస్తారు. గాలి తగ్గితే కణిక మెల్లగా కాలుతుంది, తెల్లారేదాకా ప్రాణం నిలబెట్టుకుంటుంది. పొద్దున్నే బూడిద పక్కకి తోసి, నాలుగు ఎండు పుల్లలు వేసి ఊదితే మంట లేస్తుంది. అగ్గిపుల్ల లేని కాలంలో ఇది చాదస్తం కాదు, అవసరం. రాపిడితో వెలిగే అగ్గిపుల్లని జాన్ వాకర్ అనే మందుల షాపాయన ఇంగ్లండ్‌లోని స్టాక్టన్‌లో అమ్మడం మొదలుపెట్టింది 1827లోనే. అంతకుముందు నిప్పు ఆరిపోతే చెకుముకి రాయితో కుస్తీ పట్టాలి, లేదా పక్కింటికి వెళ్ళి అడుక్కోవాలి. కర్ఫ్యూ అనే మాట ఇక్కడిదే. పాత ఫ్రెంచిలో దానర్థం ‘నిప్పు మీద మూత వెయ్యి’ అని. ఊళ్ళో రాత్రి ఫలానా వేళకి గంట కొడితే అందరూ నిప్పు కప్పేసి పడుకోవాలి, చెక్కతో పూరితో కట్టిన ఇళ్ళు అంటుకుంటే వీధికి వీధే పోతుంది కదా. 144 సెక్షన్ పక్కన కనిపించే కర్ఫ్యూకి ఇంత పాత పొయ్యి వాసన ఉందని అనిపించదు గానీ, ఉంది.

మళ్ళీ ఛాసర్ దగ్గరికే వస్తే, పిండిమర వాడి కథలోనూ గ్లీడ్ ఉంది. అబ్సలన్ అనే కుర్రాడు ఆలిసన్ మనసు గెలుచుకోవాలని తేనె కల్లు, మసాలా వేసిన బీరు, ‘గ్లీడ్ మీంచి అప్పుడే తీసిన’ వేడివేడి వేఫర్లు పంపిస్తాడు. ఇప్పటికీ ఇంగ్లీషువాళ్ళు వేడివేడిగా అనడానికి వాడే ‘పైపింగ్ హాట్’ అనే జంట మాట సరిగ్గా ఈ పాదంలోనే ఉంది, అంటే ఆ వాక్యంలో పక్కనున్న మాట బతికిపోయింది, గ్లీడ్ మాత్రం పోయింది. నైట్, అంటే గుర్రమెక్కిన యోధుడు, చెప్పే కథలో క్రూరమైన కోపం ‘గ్లీడ్ అంత ఎర్రగా’ ఉంటుంది. మనం కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయంటాం, వాళ్ళ సామెతా దాదాపు అంతే, కాకపోతే కట్టె పేరు లేదు. అదే కాలంలో ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతపు యాసలో, పేరు తెలియని ఓ కవి రాసిన ‘సర్ గావెయిన్’ కథాకావ్యంలో క్రిస్మస్ ముందురోజు కోటలో భోజనం వడ్డిస్తారు. ఆ రోజు ఉపవాస నియమం వల్ల మాంసం లేదు, అన్నీ చేపలే. కొన్ని రొట్టెపిండిలో చుట్టి కాల్చినవి, కొన్ని గ్లీడ్‌ల మీద కాల్చినవి, కొన్ని ఉడకబెట్టినవి, కొన్ని మసాలాలు వేసి పులుసు పెట్టినవి. ఒకే వాక్యంలో నాలుగు రకాల వంట. గ్లీడ్ అంటే ఇక్కడ వర్ణన ఏమీ లేదు, అది వంటవాడి పనిముట్టు, అంతే.

ఇప్పుడు మాట పుట్టుక. గ్లో అనే క్రియ అందరికీ తెలిసిందే, మంట లేకుండా ఎర్రగా వెలగడం. గ్లీడ్ దాని నుంచి వచ్చిన నామవాచకం. ఇది ఏదో ఒంటరి వింత కాదు. డూ అనే క్రియకి డీడ్, సో (విత్తడం) అనే క్రియకి సీడ్ ఎలాగో, గ్లోకి గ్లీడ్ అలాగ. చేసింది డీడ్, విత్తింది సీడ్, వెలిగేది గ్లీడ్. చివరి ఆ ‘డ్’ వెనక ఉన్నది చాలా పాత ప్రత్యయం, సంస్కృతంలో గతి, మతి, స్తుతి లాంటి మాటల చివర కనిపించే ‘తి’కి అదే మూలం. మతికీ ఇంగ్లీషు మైండ్‌కీ చుట్టరికం ఉందని చాలామంది విని ఉంటారు, గ్లీడ్ కూడా అదే అచ్చులో పోసిన మాట. గ్లో అనే ధాతువుని గోల్డ్‌, యెల్లో లాంటి మాటలతోనూ, వాటి ద్వారా సంస్కృతం హిరణ్యంతోనూ కలిపే నిఘంటుకారులు చాలామందే ఉన్నారు.

గ్లోలో ఉన్న ‘ఓ’ గ్లీడ్‌లో ‘ఈ’ ఎలా అయింది? వెనక వచ్చే అచ్చు ముందున్న అచ్చుని తనవైపు లాక్కోవడం వల్ల. తెలుగులో పులి బహువచనంలో పులులు అయినట్టు, చివర వచ్చిన ‘ఉ’ దెబ్బకి మధ్యలో ఉన్న ‘ఇ’ మారిపోయినట్టు. ఇంగ్లీషు పూర్వ రూపంలో ఈ మాట ‘గ్లోదిజ్’ లాగా ఉండేది, చివరున్న ‘ఇ’ ముందరి ‘ఓ’ని లాగి ‘ఏ’ చేసింది, ఆ తర్వాత చివరి ముక్క ఊడిపోయి పాత ఇంగ్లీషులో ‘గ్లేడ్’ మిగిలింది. ఫుట్ బహువచనంలో ఫీట్ అయిందీ, బ్లడ్ నుంచి బ్లీడ్, ఫుడ్ నుంచి ఫీడ్ వచ్చిందీ ఈ దారిలోనే. స్కూల్లో ఇవి నియమం లేని మాటలని బట్టీ పట్టిస్తారు గానీ నియమం ఉంది, అది చెప్పే అచ్చే ఎగిరిపోయింది. తర్వాత 15, 16 శతాబ్దాల్లో ఇంగ్లీషు దీర్ఘాలు చాలావరకు ఒక మెట్టు పైకి జరిగినప్పుడు గ్లేడ్ కాస్తా గ్లీడ్ అయింది.

పాత ఇంగ్లీషులో దీనికి ఇప్పటికన్నా దర్జా ఎక్కువ. ‘బేవుల్ఫ్’ కావ్యం మనకి మిగిలిన రాతప్రతి సుమారు క్రీ.శ. 1000 నాటిది. నేలమాళిగలో నిధి కాపలా కాస్తున్న డ్రాగన్ నుంచి ఒకడు గిన్నె ఎత్తుకుపోతాడు, దానికి కోపమొచ్చి చీకటి పడగానే బయటికొచ్చి గ్లేడ్‌లు కక్కుతూ ఊళ్ళోని ఇళ్ళు తగలబెడుతుంది. కథ చివర కథానాయకుడు బేవుల్ఫ్ చనిపోయాక చితి పేర్చేటప్పుడు అతని అనుచరుడు విగ్లాఫ్ పలికిన మాటలకి అర్థం దాదాపు ఇది: ఇక ఈ వీరుల నాయకుణ్ణి గ్లేడ్ మింగాలి, నల్లటి మంట పెరగాలి. అంటే అప్పట్లో కణికతో పాటు మంట, నిప్పు అన్నిటికీ అదే సరిపోయేది. ఛాసర్ కాలానికి అది పొయ్యిలో కణికల దాకా తగ్గింది.

అయితే గ్లీడ్ ఒక్కటే లేదు, పోటీ బాగానే ఉంది. పాత ఇంగ్లీషులో కాలుతున్న కట్టెని బ్రాండ్ అనేవాళ్ళు. కొత్త వస్తువుని బ్రాండ్ న్యూ అంటారే, అందులో ఉన్నది కంపెనీ బ్రాండ్ కాదు, ఈ నిప్పే, కొలిమిలోంచి అప్పుడే తీసిన కొత్తది అని. ఎగిరే రవ్వకీ చిన్న కణికకీ ‘ఉసిలె’ లాంటి ఉచ్చారణతో ఇంకో మాట ఉండేది. కాలి ఎర్రగా ఉన్న కట్టె ముక్కకీ, ఆరి నల్లబడ్డ ముక్కకీ రెంటికీ కలిపి ‘కొల్’ ఉండేది, అదే నేటి కోల్. వీటితో పాటు ‘ఆమెర్యె’ అని ఒకటి, ఇదే ఎంబర్‌కి ముత్తాత.

ఎంబర్ సంగతి కాస్త ఆగి చూడదగ్గది. అది రెండు ముక్కలు అతికిన సమాసమని నిఘంటువులు చెప్తాయి. మొదటి ముక్కకి బూడిద అనే అర్థం, రెండో ముక్కకి కాలడం. ఆ రెండో ముక్క ధాతువూ, సంస్కృతంలో ఉష్ణం పుట్టిన ధాతువూ ఒకటే, లాటిన్ నుంచి వచ్చిన కంబశ్చన్‌లోనూ అదే ఉంది. వైకింగుల భాష పాత నార్స్‌లో దీని అక్కచెల్లెలు ‘ఐమిర్య’. వైకింగులు వచ్చి ఉత్తర ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాక ఆ మాట ఈ మాటకి బలమిచ్చి ఉంటుందంటారు. మరి మధ్యలో ‘బ్’ ఎక్కడిది? పాత రూపాల్లో ఎక్కడా లేదు. ‘మ్’ పలికి వెంటనే ‘ర్’కో ‘ల్’కో వెళ్ళేటప్పుడు పెదాలు విడిపోయే క్షణంలో ‘బ్’ దానంతటదే జారిపడుతుంది. థింబుల్, స్లంబర్, బ్రాంబుల్ అన్నిట్లోనూ అది దొంగ ‘బ్’నే. మన దేశంలోనూ ఇదే జరిగింది: సంస్కృతం ఆమ్రం ప్రాకృతంలో అంబ అయింది, తామ్రం తంబ అయింది, అందుకే మరాఠీవాళ్ళ మామిడిపండు ఆంబా, రాగి తాంబే. నోటి నిర్మాణం ఎక్కడైనా ఒకటే కాబట్టి దీనికి చుట్టరికం కూడా అక్కర్లేదు.

ఇక్కడే ఒక చిక్కు విప్పేస్తే మంచిది. క్రైస్తవ క్యాలెండర్లో ఏడాదికి నాలుగుసార్లు వచ్చే ఉపవాస దినాల్ని ఎంబర్ డేస్ అంటారు. బూడిద, పశ్చాత్తాపం, నిప్పు అని వీటికి వ్యాఖ్యానాలు రాసినవాళ్ళున్నారు గానీ నిప్పుతో ఏ సంబంధమూ లేదు. అది పాత ఇంగ్లీషులో ‘చుట్టు తిరిగి రావడం’ అనే మాట. నైజీరియాలో సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ‘ఎంబర్ నెలలు’ అంటారు, అది నెలల పేర్ల తోక మాత్రమే.

ఇక అసలు విషయానికి, అంటే కోల్‌కి. మధ్యయుగాల్లో కోల్ అంటే భూమిలోంచి తవ్వే ఖనిజం అని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. అది కట్టెబొగ్గు, లేదా ఇంకా ఎర్రగా ఉన్న నిప్పు. కోలియర్ అంటే గనిలో దిగే కార్మికుడు కాదు, అడవిలో కట్టెలు పేర్చి మట్టి కప్పి బొగ్గులు కాల్చేవాడు. ఆ మాటకి తెలుగు గడ్డ మీద ఇప్పటికీ ఓ బోర్డు ఉంది. 1920లో ఏర్పడ్డ సింగరేణి కాలరీస్ కంపెనీ పేరులోని ‘కాలరీ’ ఆ కోలియర్ పని చేసే చోటే, అడవి బట్టీ నుంచి భూగర్భ గనిదాకా అర్థం మారి కొత్తగూడెం చేరింది. తెలుగులో ఈ గందరగోళం రాలేదు, ఎందుకంటే ఎర్రగా ఉంటే నిప్పు, నల్లబడితే బొగ్గు అని మొదట్నుంచీ విడిగానే ఉన్నాయి, ఖనిజం వచ్చినప్పుడు బొగ్గుకే ఓ విశేషణం తగిలించి నేలబొగ్గు, రాక్షసి బొగ్గు అనుకున్నారు. (రాక్షసి బొగ్గు ఎవరు పెట్టారో గానీ భలే పేరు.)

ఇంగ్లండ్‌లో ఖనిజానికి మొదట పెట్టిన పేరూ అలాంటిదే, సీ కోల్, సముద్రపు బొగ్గు. ఈశాన్య తీరంలో టైన్ నది ప్రాంతంలో దొరికింది ఓడలెక్కి లండన్ వచ్చేది కాబట్టి ఆ పేరు. 13వ శతాబ్దానికే లండన్‌లో సీకోల్ పేరుతో ఓ సందు ఉంది. కొలిముల వాళ్ళూ సున్నం బట్టీల వాళ్ళూ దాన్ని కాలుస్తుంటే కంపు భరించలేక 1300ల తొలి ఏళ్ళలో మొదటి ఎడ్వర్డ్ రాజు నిషేధించాడు, అది ఎంత పని చేసిందో తర్వాతి లండన్ పొగే చెప్తుంది. ఇళ్ళల్లో మాత్రం చాలాకాలం కట్టెలే. మొదటి ఎలిజబెత్ రాణి కాలానికి, అంటే 16వ శతాబ్దం రెండో సగానికి, ఊరు పెరిగింది, వంటచెరుకు ధర ఆకాశానికెక్కింది, పొగగొట్టాలు మామూలు ఇళ్ళకీ వచ్చాయి, దాంతో జనం ముక్కు మూసుకుని సముద్రపు బొగ్గుకి మారారు. మెల్లగా ‘సముద్రపు’ అనే ముక్క ఊడిపోయింది, ఒట్టి కోల్ అంటేనే ఖనిజం అయిపోయింది. అసలు కోల్‌ని, అంటే కట్టెబొగ్గుని, వేరుచేసి చెప్పడానికి అప్పటికే పుట్టి ఉన్న చార్‌కోల్ అక్కరకొచ్చింది.

ఈ మారే కాలంలో గ్లీడ్‌కి ఏమైందన్నదే ప్రశ్న. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు చూస్తే సగం జవాబు అక్కడుంది. యెషయా గ్రంథంలో దేవదూత బలిపీఠం మీంచి పటకారుతో తెచ్చిన నిప్పుని ఆ అనువాదంలో ‘లైవ్ కోల్’ అన్నారు, బతికున్న బొగ్గు అని. శత్రువుకి అన్నం పెడితే వాడి తల మీద పోసినట్టయ్యేవీ ‘కోల్స్’నే. గలిలయ ఒడ్డున యేసు చేపలు కాల్చిన మంటా ‘కోల్స్’దే. తెలుగు బైబిలు ఈ మూడు చోట్లా నిప్పు అనో నిప్పులు అనో శుభ్రంగా రాసుకుంది. అంతకు రెండు వందల ఏళ్ళ ముందైతే ఇంగ్లీషులో ఈ మూడు చోట్లా గ్లీడ్ హాయిగా ఒదిగేది. అంటే దక్షిణాది ప్రామాణిక ఇంగ్లీషులో 1611 నాటికి ఎర్రని నిప్పు అనే పనిని కోల్ తీసేసుకుంది. ఎరుపుకీ నలుపుకీ ఒకే మాట సరిపోతుంటే రెండోది ఎందుకని గ్లీడ్‌ని పక్కన పెట్టారు. ఇంకో వైపు గ్లో అనే క్రియనే ఉన్నదున్నట్టు నామవాచకంగా వాడడం 15వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది, దాంతో ‘ఎర్రటి వెలుగు’ అనే అర్థమూ చేజారింది. ఇద్దరు దాయాదులు చెరో వైపు నుంచి పొలం దున్నేసుకుంటే మధ్యలో గట్టు మిగిలినట్టైంది దాని పరిస్థితి.

ఆ తర్వాత జరిగిందే తమాషా. కోల్ ఆ పనిలో ఎక్కువ రోజులు నిలబడలేదు. గని బొగ్గు రాజ్యమేలేసరికి కోల్ అంటే బస్తాల్లో బండ్ల మీద వచ్చే నల్లటి సరుకు, పొయ్యిలో ఎర్రగా ఉన్నదానికి మళ్ళీ పేరు లేకుండా పోయింది. లైవ్ కోల్ అని విశేషణం తగిలించాల్సి వచ్చింది. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది ఎంబర్. అది ఎప్పుడూ బూడిదతో కలిసి ఉన్న, ఆరబోతున్న నిప్పుకే ఎక్కువ వాడిన మాట, పేరులోనే బూడిద ఉంది కదా. అందుకే దానికి ఆ దిగులు రంగు పోలేదు. ఇంగ్లీషు కవి మిల్టన్ 1645లో అచ్చైన ‘ఇల్ పెన్సెరోసో’ పద్యంలో ఒంటరిగా కూర్చోవడానికి ఓ గది కోరుకుంటాడు, అందులో మెరిసే ఎంబర్లు వెలుగుకి చీకటి వేషం వెయ్యడం నేర్పుతుంటాయి. అమెరికన్ కవి పో 1845లో అచ్చైన ‘ది రేవెన్’ పద్యంలో డిసెంబర్ రాత్రి ఒక్కో ఎంబర్ చస్తూ నేల మీద దెయ్యపు నీడ పరుస్తుంది. చేప కాల్చడానికి వీటిలో ఒక్కటీ పనికిరాదు. గ్లీడ్ వంటవాడి మాట, ఎంబర్ కుర్చీలో కూర్చుని పొయ్యి వంక చూసేవాడి మాట. గ్లీడ్ పోయినప్పుడు పోయింది అర్థం కాదు, ఆ పనితనం.

ఇక సాధారణంగా చెప్పే కారణం. గ్లీడ్‌కి దగ్గరగా పలికే గ్లేద్ అనే ఇంకో మాట ఉంది, గద్ద అని అర్థం, గాల్లో తేలిపోవడం అనే గ్లైడ్‌కి చుట్టం. కింగ్ జేమ్స్ బైబిలులో తినకూడని పక్షుల జాబితాలో, ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో, ఈ గద్ద కనిపిస్తుంది. రెండు మాటలు ఒకేలా వినపడుతుంటే అయోమయం అని ఒకటి తప్పుకుందంటారు. వినడానికి బాగానే ఉంది గానీ నిలబడదు. ఎందుకంటే గద్ద మాట ఎక్కువకాలం బతికింది స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో, నిప్పు మాట బతికిందీ అక్కడే. అయోమయమే చంపేదైతే రెండూ కలిసున్న చోట కదా ముందు చావాలి? దక్షిణాదిలో రెండూ పోయాయి. పొయ్యిలో ఉన్నది గద్దో నిప్పో తెలియక ఎవడూ చెయ్యి కాల్చుకోలేదు.

బొగ్గు వాదనకీ ఒక ఎదురుప్రశ్న ఉంది, అది న్యాయమైనదే. గని బొగ్గు ఎక్కువగా దొరికింది ఉత్తరాదిలోనే అయితే గ్లీడ్ అక్కడే ముందు పోవాలి కదా, అక్కడే ఎందుకు మిగిలింది? దీన్ని తిప్పి చూస్తే కుదురుతుంది. ఉత్తరాదిలో ఖనిజం కాళ్ళ కిందే ఉంది, కోల్ అంటే తవ్వి తెచ్చేదన్న అర్థం అక్కడ ముందే గట్టిపడి ఉంటుంది, అందుకని ఎర్రగా ఉన్నదానికి వేరే మాట అవసరం పోలేదు. దక్షిణాదిలో కట్టెబొగ్గు రోజులు ఎక్కువకాలం సాగాయి, కోల్ రెండు పనులూ చేస్తూ పోయింది, గని బొగ్గు వచ్చేసరికి గ్లీడ్ అప్పటికే లేదు. ఇది నిరూపించే సంగతి కాదు, కానీ గద్ద కథ కన్నా నయం.

ఉత్తరాదిలో అది ఎంత గట్టిగా నిలబడిందో జోసెఫ్ రైట్ 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాలుగా తెచ్చిన ఇంగ్లీషు మాండలిక నిఘంటువులో కనిపిస్తుంది. ఈ రైట్ యార్క్‌షైర్ మిల్లులో పనిచేసిన కుర్రాడు, పదిహేనేళ్ళొచ్చేదాకా చదవడం రాదు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. పల్లెటూరి మాటలు ఏరి పెట్టడానికి అంతకన్నా తగినవాడు దొరకడు. స్కాట్లండ్‌లో అయితే గ్లీడ్‌తో పాటు పైన చెప్పిన ‘ఉసిలె’ కూడా ఐజిల్ అనే రూపంలో బతికి బట్టకట్టింది. రాబర్ట్ బర్న్స్ 1785లో రాసిన ‘హాలోవీన్’ పద్యంలో జెన్నీ అనే పిల్ల, కాబోయే మొగుడి మొహం అద్దంలో కనపడుతుందని ఆపిల్ తినడానికి అవ్వని తోడు రమ్మంటుంది. అవ్వకి ఒళ్ళు మండి, పైపు గట్టిగా పీలుస్తూ పొగ గుప్పుగుప్పున వదులుతూ తిట్ల మీద ఉంటుంది. ఆ ఊపులో ఐజిల్ ఒకటి పడి తన కొత్త ఉన్ని ఏప్రన్‌కి చిల్లు పెట్టిన సంగతే గమనించదు. చుట్ట తాగే ముసలమ్మల చీర కొంగులు చూసినవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు. ఐజిల్‌కీ, ఎంబర్ రెండో ముక్కకీ, ఉష్ణానికీ ధాతువు ఒకటే అని ఆ అవ్వకి ఎవరూ చెప్పి ఉండరు.

ఇంగ్లీషు బయట గ్లీడ్ చుట్టాలు ఎవరికీ ఏమీ కాలేదు. జర్మన్‌లో గ్లూట్, డచ్చిలో ఖ్లూట్, స్వీడిష్‌లో గ్లోద్, ఐస్‌లాండిక్‌లో గ్లోథ్, అన్నీ రోజువారీ మాటలే, నిప్పుకీ ఆవేశానికీ రెంటికీ వాడుకుంటారు. స్వీడన్‌లో క్రిస్మస్‌కి తాగే వేడి మసాలా వైన్ గ్లెగ్ పేరు, వేడి చేయడం అనే అర్థంలో ఈ గ్లోద్ కుటుంబం నుంచి వచ్చిన క్రియదే. కరెంటు దీపం వచ్చినప్పుడు వీళ్ళెవరూ లాటిన్ దాకా వెళ్ళలేదు. లోపలి తీగ ఎర్రగా కాలి వెలుగుతుంది కాబట్టి స్వీడిష్‌వాళ్ళు దాన్ని గ్లోద్‌లాంపా అన్నారు, జర్మన్లు తమ గ్లో క్రియతో గ్లూలాంపె అన్నారు, డచ్చివాళ్ళు ఖ్లూయ్‌లాంప్ అన్నారు. తెలుగు ఇళ్ళల్లో తరాల తరబడి వెలిగిన ఫిలిప్స్ బల్బు కంపెనీ 1891లో హాలండ్‌లోని ఐంధోవెన్‌లో మొదలైంది, చాలాకాలం దాని పూర్తి పేరులో ‘ఖ్లూయ్‌లాంపెన్‌ఫాబ్రీకెన్’, అంటే ‘ఎర్రగా కాలే దీపాల ఫ్యాక్టరీలు’ అని ఉండేది. ఇంగ్లీషువాళ్ళు ఆ దీపానికి ఇన్‌కాండెసెంట్ అని పొడుగాటి లాటిన్ పేరు పెట్టుకున్నారు, జనం మాత్రం దాన్ని ఎక్కడా పలకకుండా ఒట్టి బల్బు అనేశారు. యూరోపియన్ యూనియన్ 2009 నుంచి 2012 దాకా దశలవారీగా ఆ బల్బుల్ని మార్కెట్లోంచి తీసేసింది. స్వీడిష్‌వాళ్ళకి బల్బు పోయినా పొయ్యిలో గ్లోద్ ఉంది.